కొండగోడను చదవడం – 3వ పాఠం: కొలంబియా లోయ

పోయిన పాఠంలో బసాల్ట్‌ను, అంటే లావా చల్లారి గట్టిపడ్డ నల్లరాతిని, చేతిలో పట్టుకుని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అదే రాయి కొండంత గోడై నిలబడితే ఎలా చదవాలో ఈసారి చూద్దాం. అమెరికాలో ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య కొలంబియా నది పారే ఇరుకు లోయ ఇందుకు చక్కటి చోటు. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉన్న తెలుగువాళ్లు ఆదివారం కారేసుకుని వెళ్లి రావచ్చు. మిగతావాళ్లు ఆ లోయలోని మల్ట్‌నోమా జలపాతం ఫొటో ఒకటి తెరిచి పెట్టుకోండి.

గోడను ఎప్పుడూ కింది నుంచి పైకి చదవాలి. అడుగున ఉన్నదే పాతది. 189 మీటర్ల ఆ జలపాతం వెనక కనిపించేవన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకున్న లావా పొరలు. సుమారు 1.6 కోట్ల ఏళ్ల కిందట తూర్పున ఎక్కడో నేల బారుగా చీలి, లావా వందల కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది.

ఒక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పగుళ్లే చెబుతాయి. చల్లారే లావా కుంచించుకుపోయి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు లోపలికి దిగి ఐదారు పలకల నిలువు స్తంభాలను విడదీస్తాయి. అవి పొర అడుగున ఉంటాయి. వాటిపైన సన్నగా, అడ్డదిడ్డంగా పగిలిన రాయి. అన్నిటికీ పైన, గ్యాస్ బుడగలు వదిలిన బెజ్జాలు. బెజ్జాల రాయి మీద మళ్లీ స్తంభాలు కనిపించాయంటే మరో పొర మొదలైనట్టే. జలపాతం పైఅంచు దగ్గర మాత్రం గుండ్రటి ముద్దలుంటాయి, జాగ్రత్తగా చూడండి. దాన్ని దిండు లావా అంటారు. లావా నీళ్లలోకి దిగితేనే అలా ముద్దకడుతుంది.

ఇప్పుడు లోయ ఆకారం. పక్కలు నిటారుగా ఉన్నాయి. వాగులు అడుగుదాకా దిగి రాకుండా గోడ మీది నుంచే దూకేస్తున్నాయి. హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు నది, చెక్కిన లోయలూ ఇలాగే ఉంటాయి కాబట్టి, చాలామంది అక్కడే తీర్పు చెప్పేస్తారు. తొందరపడకండి. మంచు ఒరుసుకుంటూ పోతే రాతి మీద సమాంతరంగా గీతలు పడాలి, చిన్నా పెద్దా రాళ్లు కలగాపులగంగా పోగుపడాలి. ఈ గోడల మీద ఆ ఆనవాళ్లు లేవు. మంచుయుగంలో ఉత్తరాన పరుచుకున్న మంచు పలక ఇక్కడిదాకా రానేలేదు. వచ్చింది అది కట్టేసిన నీళ్లు.

ఆ పలక నాలుక ఒకటి ఐడహోలో క్లార్క్ ఫోర్క్ నదికి అడ్డం పడింది. వెనక మోంటానాలో మిజూలా సరస్సు నిండింది. ఆనకట్ట దగ్గర లోతు సుమారు 600 మీటర్లు. మంచుకట్ట తెగింది, సరస్సు ఖాళీ అయింది, మంచు మళ్లీ జరిగి వచ్చి నదిని మూసేసింది. సుమారు 18,000 నుంచి 15,000 ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఇలా పదుల సార్లు జరిగింది. నది అంతకుముందే కోసుకున్న లోయను ఆ వరదలు వెడల్పు చేసి, వాలు పక్కలను గోడల్లా నిలబెట్టాయి. వాగులు పైన వేలాడుతూ మిగిలిపోయాయి.

1923లో జె హార్లెన్ బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతంలో మహావరద వచ్చిందని రాస్తే తోటి శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. ఆయన నేల మీద చూసిన ఆనవాళ్లనే నమ్మి నిలబడ్డాడు. 1979లో, 96 ఏళ్ల వయసులో, భూగర్భ శాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం అందుకున్నాడు. రాయి చదివేవాళ్లు ఆయన పద్ధతి పట్టుకోవాలని నా గట్టి నమ్మకం.

ఇంటిపని: రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి వైపు క్వారీల్లో సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి లావా పొరలున్నాయి. రెండు పొరల మధ్య నత్తగుల్లల శిలాజాలున్న సున్నపురాయి ఉంది. కింది లావాకీ పై లావాకీ మధ్య అక్కడ ఏం జరిగి ఉంటుందో పది వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.