ఉప్పునీటి రీఫ్ (పగడాల) ట్యాంకు, 3వ పాఠం: చేపల కంటే ముందు బాక్టీరియా

గత పాఠం ముగిసేసరికి మీ ట్యాంకులో ఉప్పునీళ్లు, ఇసుక, రాళ్లు ఉన్నాయి. పంపులు తిరుగుతున్నాయి, హీటరు 26 డిగ్రీల దగ్గర నిలిచింది, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) చూపిస్తోంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి, ఇక చేప ఒక్కటే తక్కువ అనిపిస్తుంది. చాలామంది చేపల్ని చంపుకునేది సరిగ్గా ఇక్కడే.

ఆ తేటదనాన్ని నమ్మకండి. చేప మొప్పల నుంచి అమ్మోనియా అనుక్షణం నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా వచ్చేది అదే. సముద్రంలో అయితే అది ఎక్కడికో కొట్టుకుపోతుంది. గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? దానికి రంగు లేదు, ఆ కాస్త మోతాదుకు వాసనా తెలియదు. పైగా ఉప్పునీటితో ఒక పేచీ ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. రెండో రూపం మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ ఈ రెండో రూపం వాటా పెరుగుతుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టెతో పోలిస్తే 8.2 ఉన్న రీఫ్ ట్యాంకులో ఆ వాటా పదింతలకు పైనే. మంచినీటి చేపలు పెంచి చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతినేది అందుకే.

అమ్మోనియాతో బతికే సూక్ష్మజీవులు ఉన్నాయి. ఒక గుంపు దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, మరో గుంపు ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. రెండు గుంపులూ కుదురుకునేదాకా చేసే పనే సైక్లింగ్. చిన్న పక్కదారి: సియాటిల్ అక్వేరియంలోని ఒక సముద్రపు ట్యాంకు గులకల నుంచి వేరుచేసిన నైట్రోసోప్యూమిలస్ అనే సూక్ష్మజీవి గురించి 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అమ్మోనియాతో బతికే ఆ జీవి బాక్టీరియా కానే కాదు, ఆర్కియా అనే వేరే కోవకు చెందినది! మన పనికి తేడా రాదు కాబట్టి అన్నిటినీ బాక్టీరియా అనే అంటాను.

ఇవి నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. రాళ్లకు, ఇసుకకు, ఫిల్టరులోని మీడియాకు (స్పాంజి, సెరామిక్ ముక్కల వంటివాటికి) అంటుకుని ఉంటాయి. కాబట్టి నీళ్లు మార్చినంత మాత్రాన సైకిల్ పోదు. అదే మీడియాను కుళాయి నీళ్లతో కడిగితే క్లోరిన్ వాటిని చంపేస్తుంది. మామూలు బాక్టీరియా గంటలోపే రెట్టింపయితే వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు దాకా పడుతుంది. మన తొందర వాటికి పట్టదు.

మోతాదు

చేపలు లేని ట్యాంకులో అమ్మోనియా మనమే పోయాలి. కొందరు గట్టి ప్రాణమని డాంసెల్ చేపను వదిలి సైకిల్ చేస్తారు. దాని మొప్పలు కాలిపోతుంటే మనం కొలతలు రాసుకోవడం నాకు నచ్చదు. పైగా ఆ డాంసెల్ బతికితే తర్వాత వచ్చే చేపల్ని తరిమి తరిమి కొడుతుంది. చచ్చిన రొయ్యను వేయడం ఇంకో పద్ధతి. ఎంత అమ్మోనియా వస్తుందో తెలియదు, ఫాస్ఫేట్ మాత్రం మిగులుతుంది. నా ఓటు అమ్మోనియం క్లోరైడ్‌కే.

లెక్క ఇది. లీటరు నీటిలో 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) అమ్మోనియాకు దాదాపు 3.15 మిల్లీగ్రాముల అమ్మోనియం క్లోరైడ్ కావాలి. మనకు కావలసింది 2 పీపీఎం. ట్యాంకులో అసలు నీళ్లు 100 లీటర్లయితే 100 × 2 × 3.15, అంటే 630 మిల్లీగ్రాములు. అంత తక్కువ మామూలు తూకానికి అందదు. అందుకని 6.3 గ్రాములు కరిగించి ఒక లీటరు ద్రావణం చేసుకోండి, అందులో 100 మిల్లీలీటర్లు పోయండి. ‘అసలు నీళ్లు’ అన్న మాట మరచిపోవద్దు. నా మొదటి ట్యాంకులో రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసివేయకుండా పెట్టె కొలతల్ని బట్టి పోశాను, అది చాలదన్నట్టు మర్నాడు మళ్లీ పోశాను. అమ్మోనియా 5 పీపీఎం దాటింది, వారాలపాటు కదల్లేదు. అంత గాఢతలో ఆ బాక్టీరియాకే ఊపిరాడదు.

లైవ్ రాక్ (సముద్రంలోంచి జీవులతో సహా తెచ్చిన రాళ్లు) పెట్టినవాళ్లు ఏమీ పోయకండి. దారిలో చచ్చిన జీవులు కుళ్లి అమ్మోనియాను అవే ఇస్తాయి. డ్రై రాక్ (జీవులేమీ లేని ఎండు రాళ్లు) అయితే సీసాల్లో అమ్మే బాక్టీరియా కూడా పోయండి, ముందు గడువు తేదీ చూసుకుని. కొన్నాళ్లు యూవీ దీపం, స్కిమ్మర్ (నురుగుతో మురికిని లాగే పరికరం) ఆపేయండి. లైట్లు అక్కర్లేదు, వెలిగిస్తే నాచుకే లాభం. ఆవిరైన మేరకు ఉప్పు లేని ఆర్వో నీళ్లే (ఆర్వో ఫిల్టరులో శుద్ధి చేసినవే) పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు.

కిట్టు ఏం చెబుతుంది?

రోజు విడిచి రోజు పరీక్ష కిట్టుతో (గొట్టంలోని నీళ్లలో రసాయనం కలిపి, వచ్చిన రంగును పట్టీతో పోల్చేది) అమ్మోనియా, నైట్రైట్ చూడండి, పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు. అమ్మోనియా పూర్తిగా దిగినా కొన్ని కిట్లలో లేత ఆకుపచ్చ పోదు. అప్పుడే కలిపిన ఉప్పునీటిని పక్క గొట్టంలో పరీక్షించండి. రెండూ ఒకే రంగులో ఉంటే అది మీ సున్నా.

అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది. 2 పీపీఎం అమ్మోనియా అంతా మారితే 5.4 పీపీఎం దాకా నైట్రైట్ రావచ్చు. చాలా కిట్ల రంగుపట్టీ 5 దగ్గరే అయిపోతుంది కాబట్టి రోజుల తరబడి ఒకే ముదురు రంగు కనిపించి, ‘సైకిల్ ఆగిపోయింది’ అని కంగారు పడతారు. ఒక వంతు ట్యాంకు నీటికి నాలుగు వంతులు ఆర్వో నీళ్లు కలిపి, వచ్చిన అంకెను 5తో గుణించండి. దిగుతోందో లేదో తెలిసిపోతుంది.

ఉప్పునీటిలోని క్లోరైడ్ అడ్డుపడుతుంది కాబట్టి నైట్రైట్ చేపలకు మంచినీటిలో ఉన్నంత ప్రమాదం కాదు. కొందరు దాన్ని కొలవడమే మానేశారు. మీరు మానకండి. నైట్రేట్ కిట్టు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది. ముందే నైట్రైట్ ఉంటే అదీ లెక్కలో కలిసి అబద్ధపు అంకె వస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా నైట్రేట్ అంకెను పట్టించుకోకండి.

సీసా బాక్టీరియాతో సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు, లేకపోతే ఆరు వారాలైనా పట్టొచ్చు. తేదీ పెట్టుకుని చేపలకు మాట ఇచ్చేయకండి. రెండూ సున్నాకు దిగాక మళ్లీ 2 పీపీఎం అమ్మోనియా పోయండి. 24 గంటల్లో రెండూ మళ్లీ సున్నా అయితే సైకిల్ పూర్తయినట్టు. కాకపోతే రెండు రోజులు ఆగి మళ్లీ చూడండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: పుస్తకంలో ఒక పేజీకి నాలుగు గీతలు గీసి తేదీ, అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ రాస్తూ రండి. పీహెచ్ 7.8 కంటే దిగితే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి) కూడా కొలిచి పక్కన రాయండి, ఈ బాక్టీరియా దాన్ని ఖర్చుచేస్తాయి. సైకిల్ పూర్తయ్యే రోజుల్లో రాళ్ల మీద గోధుమరంగు పొర పడితే రుద్దకండి, అవి డయాటంలు అనే సూక్ష్మ నాచు. 4వ పాఠం వాటితోనే మొదలుపెట్టి, మొదటి నీటి మార్పు, మొదటి చేప క్వారంటైన్ దాకా వెళ్దాం.