రూట్ 66 శిథిలాల దారిలో కారు దిగే ముందు

1926లో మొదలైన అమెరికా పాత రహదారి రూట్ 66కు 2026తో నూరేళ్లు. షికాగో నుంచి శాంటా మోనికా దాకా దాదాపు 2,400 మైళ్లు సాగిన ఈ దారిని 1985లో అధికారిక రహదారుల జాబితాలోంచి తీసేశారు. ఇంటర్‌స్టేట్ అనే కొత్త వేగమార్గాలు వచ్చాక ఆగే కార్లు తగ్గి, పక్కనున్న మోటెళ్లు, పెట్రోలు బంకులు, వింత బొమ్మల దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ పాడుబడ్డ వాటిని చూడటానికే జనం బయలుదేరుతున్నారు, అదీ మండు వేసవిలో.

బయలుదేరే ముందు టైర్లు, బ్రేకులు అందరూ చూసుకుంటారు. అయితే ఈ ప్రయాణంలో అసలు ముప్పు చాలాసార్లు కారు ఆపాకే మొదలవుతుంది. "ఐదు నిమిషాలే కదా" అని చెప్పులతో, చేతిలో నీళ్ల సీసా కూడా లేకుండా దిగిపోతారు.

ఒక్లహోమాలోని కటూసా ఊళ్లో ఉన్న భారీ నీలి తిమింగలం బొమ్మ, టెక్సస్‌లో అమరిల్లో దగ్గర 1974లో పది కార్లను ముక్కు కిందికి పెట్టి నేలలో పాతిన కాడిలాక్ రాంచ్ సందర్శకులకు అలవాటైన చోట్లు. అరిజోనాలోని టూ గన్స్, టెక్సస్-న్యూ మెక్సికో సరిహద్దులోని గ్లెన్‌రియో వాటిలాంటివి కావు, అవి జనం వదిలేసిన ఊళ్లు. టూ గన్స్‌లో ఒకప్పటి జంతుప్రదర్శనశాల గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. గోడ నిలిచి ఉంది కాబట్టి నేల కూడా గట్టిదే అనుకోకండి. పుచ్చిన చెక్క నేలలు, గడ్డి కప్పేసిన పాత ట్యాంకుల మూతలు, ఎండిపోయిన ఈతకొలనులు, తుప్పు పట్టిన మేకులు ఇలాంటి చోట మామూలే. నా మట్టుకు నియమం ఒక్కటే: గడప దాటను, ఫోటో బయటి నుంచే తీస్తాను. రాళ్ల సందుల్లో, కూలిన రేకుల కింద చెయ్యి పెట్టకండి. గిలక పాములకు (రాటిల్‌స్నేక్) అక్కడ చల్లగా ఉంటుంది.

హద్దుల సంగతి కూడా తెలుసుకోండి. టెక్సస్, మిస్సోరి, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో చెట్ల మీద, స్తంభాల మీద నిలువుగా ఊదా రంగు గీతలు కనిపిస్తే "లోపలికి రావద్దు" అనే బోర్డు ఉన్నట్టే లెక్క. ఎవరో సరదాగా పూసిన రంగని దాటిపోకండి.

పాముల గురించి అందరూ అడుగుతారు, ఎలుకల గురించి ఎవరూ అడగరు. 1993లో నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ ప్రాంతంలో హాంటావైరస్ జబ్బు బయటపడింది. డీర్ మౌస్ అనే ఎలుక మూత్రం, పెంటికలు ఎండి దుమ్ములో కలుస్తాయి. మూసి ఉన్న గదిలో ఆ దుమ్ము లేస్తే ఊపిరితో లోపలికి పోతుంది. జబ్బు అరుదే, కానీ ఊపిరితిత్తుల దాకా వస్తే మూడింట ఒక వంతు మందికి పైగా బతకరు. అందుకే పాత గది తలుపు తోసి లోపలికి తొంగిచూడటం కూడా నాకు నచ్చదు. తిరిగి వచ్చాక ఎనిమిది వారాల లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆయాసం వస్తే ఎక్కడెక్కడ తిరిగారో డాక్టరుకు ముందే చెప్పండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా అరిజోనా, న్యూ మెక్సికోల్లో వానల కాలం. మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే ఎక్కడో కొండల మీద కురిసిన వాన ఎండు వాగులో గోడలా వచ్చిపడుతుంది. అడుగు లోతు నీరు చాలా కార్లను తేల్చేయగలదు. అరిజోనాలో అడ్డు పెట్టిన బారికేడును దాటి వరద నీటిలోకి వెళ్లి ఇరుక్కుంటే, కాపాడటానికైన ఖర్చు మీ నుంచే వసూలు చేయవచ్చు. కాలిఫోర్నియాలో ఆంబాయ్ అనే ఎడారి ఊరి పరిసరాల్లో పాత చెక్క వంతెనలు వరదలకు దెబ్బతిని రోడ్డు కొన్నిచోట్ల ఏళ్ల తరబడి మూసి ఉంది. పటంలో గీత కనిపించిందని నమ్మకుండా ఆ రోజు ఉదయం రోడ్డు స్థితి కనుక్కోండి. ఆ ఎడారిలో ఫోను సిగ్నలు లేని చోట్లు ఎక్కువ. పటాలు ముందే ఫోనులోకి దింపుకోండి, ట్యాంకు సగానికి దిగకముందే నింపుకోండి, మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. కారు మొరాయిస్తే నడిచి వెళ్లకండి, దాని నీడలోనే ఉండండి.

ఒక్లహోమాలో పిచర్ అనే ఖాళీ ఊరు రూట్ 66కు దగ్గరే, కాబట్టి చాలామంది అటు మళ్లుతారు. సీసం, జింకు గనుల ఊరది. కింద నేల డొల్ల, పైన ఉన్న వ్యర్థపు గుట్టల్లో సీసం. పిల్లలు వెంట ఉంటే అటు వెళ్లనే వద్దు. పెద్దవాళ్లయినా కారు దిగి గుట్టలెక్కకండి.

కాడిలాక్ రాంచ్‌లో కార్ల మీద స్ప్రే డబ్బాలతో రంగు చల్లడం ఆనవాయితీ. అక్కడ గాలి జోరు ఎక్కువ, గాలికి ఎదురు నిలబడి చల్లితే రంగు మీ ముఖానికే పడుతుంది. ఖాళీ డబ్బాలు అక్కడే పారేయకండి. సగం మిగిలిన వాటిని మాత్రం ఎండలో ఆపిన కారులో వదలకండి, వేడికి పేలతాయి.