విదేశాల్లో చదవాలంటే: క్లాసులు మొదలయ్యే రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోండి

ఒక కాగితం తీసుకుని అడుగున క్లాసులు మొదలయ్యే నెల రాసుకోండి, అక్కడి నుంచి పైకి లెక్కేసుకుంటూ రండి. సెప్టెంబర్‌లో క్లాసులనుకుందాం. వీసా పని జూన్, జులైల్లో నడవాలి, దానికి యూనివర్సిటీ ఇచ్చే కాగితం మే నాటికి చేతికి రావాలి, అది రావాలంటే ఏప్రిల్‌లో డిపాజిట్ కట్టాలి, కట్టాలంటే మార్చికల్లా అడ్మిషన్ వచ్చుండాలి, అప్లికేషన్ డిసెంబర్, జనవరిల్లో వెళ్లిపోవాలి, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అక్టోబర్ నాటికే ఉండాలి. కోర్సులు వెతుక్కునే టైమ్ కూడా కలిపితే దాదాపు ఏడాదిన్నర అవుతుంది. మార్కులు ఉండి కూడా చాలామంది ఆగిపోయేది ఈ తేదీలు ఒకదానికొకటి అడ్డం పడటం వల్లే.

ఈ లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో డిగ్రీకి యూకాస్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ వేదిక ద్వారా అప్లై చేస్తారు. అందులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్‌లకి గడువు అక్టోబర్ మధ్యలోనే ముగుస్తుంది, మిగతా కోర్సుల్లో ఎక్కువ వాటికి జనవరి. అమెరికాలో ఫాల్ సీజన్ (ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలయ్యే) మాస్టర్స్, పీహెచ్‌డీలకి ఎక్కువగా డిసెంబర్, జనవరి. జర్మనీలో వింటర్ సెమిస్టర్‌కి చాలాచోట్ల జులై 15 అని కనిపిస్తుంది, అది చూసి నింపాదిగా కూర్చోకండి, బయటి దేశాల వాళ్లకి అంతకన్నా ముందే గడువు పెట్టే కోర్సులు బోలెడు. పైగా కాగితాలు యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూనీ-అసిస్ట్ సంస్థ ద్వారా వెళ్లాల్సి వస్తే వాళ్లు చూడటానికే కొన్ని వారాలు పడుతుంది. ఆస్ట్రేలియాలో ఫిబ్రవరి, జులై ఇన్‌టేక్‌లు ఎక్కువ.

కోర్సు ఎంచుకోవడం

ర్యాంకింగ్ పట్టికలు కాసేపు పక్కన పెట్టండి. అవి చాలావరకు యూనివర్సిటీ మొత్తానికి ఇచ్చేవి, మీరు కూర్చోబోయే క్లాస్ గురించి వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. కోర్సు పేజీ తెరిచి నేరుగా మాడ్యూల్స్ ఉన్న చోటికి వెళ్లండి. తప్పనిసరి సబ్జెక్టులేవి, ఎంచుకునేవి ఏవి, చివర్లో థీసిస్ ఉందా లేక ప్రాజెక్టుతో సరిపెడతారా, ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమా లేక "అవకాశం ఉంటుంది" అని మాత్రమే రాశారా, ఇవి చూడండి. ఆ చివరి తేడా పెద్దది. అవకాశం ఉంటుంది అంటే వెతుక్కోవాల్సింది మీరే. డేటా సైన్స్ అనే ఒకే పేరుతో ఒకచోట సగం స్టాటిస్టిక్స్ చెప్తారు, ఇంకోచోట సగం మేనేజ్‌మెంట్ చెప్తారు. పాఠాలు చెప్పేవాళ్ల పేజీలు కూడా తెరిచి వాళ్లు ఏం పరిశోధన చేస్తున్నారో చూడండి, ఇది తర్వాత ఎస్‌ఓపీ (ఈ కోర్సే ఎందుకో మీరు రాసిచ్చే వ్యాసం) రాసేటప్పుడు నేరుగా పనికొస్తుంది.

డాక్టర్, లాయర్, టీచర్, ఆర్కిటెక్ట్ లాంటి లైసెన్స్ కావాల్సిన వృత్తి అయితే మీరు పని చేయాలనుకుంటున్న దేశంలో ఆ డిగ్రీ చెల్లుతుందో లేదో అక్కడి కౌన్సిల్ సైట్‌లో ముందే చూసుకోండి. ఇది తర్వాత చూద్దాంలే అనుకునే విషయం కాదు.

డబ్బు లెక్క

ఇక్కడ మొహమాటపడకుండా ఇంట్లో అందరూ కూర్చుని లెక్కేసుకోవాలి. ఫీజు ఒక్కటే ఖర్చు అనుకుంటే సగం లెక్కే వేసినట్టు. అప్లికేషన్ ఫీజులు, పరీక్షలు, డిపాజిట్, వీసా, ఇన్సూరెన్స్, విమానం టికెట్, అద్దె, అద్దెకి ముందుగా కట్టే అడ్వాన్స్, మొదటి నెలలో కొనే దుప్పట్లు, గిన్నెలు దాకా అన్నీ రాయండి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే చిన్న చార్జీ మాత్రం కట్టాలి. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఈయూ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటారు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ సెమిస్టర్ నుంచి ఫీజు పెట్టింది. ఫీజు లేకపోయినా వీసా కోసం ఏడాది ఖర్చులు చూపించాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సింది 2025లో 11,904 యూరోలు, అంటే నెలకి 992. మీ డబ్బే, కాకపోతే నెలనెలా అంతే తీసుకోగలరు. బ్రిటన్‌కైతే వీసా ఫీజు కాకుండా హెల్త్ సర్‌చార్జ్ అని విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు, కోర్సు మొత్తానికి ముందే కట్టించుకుంటారు. అమెరికాకి వీసా ఫీజుతో పాటు సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు విడిగా ఉంటుంది. ఈ అంకెలు మారుతూనే ఉంటాయి, కట్టే ముందు ఆ దేశ ప్రభుత్వ సైట్ చూడండి.

పార్ట్‌టైమ్ జాబ్‌తో ఫీజు కట్టేద్దాం అనే ప్లాన్ మాత్రం వద్దు, గట్టిగా చెప్తున్నాను. అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల దాకా, ఆస్ట్రేలియాలో రెండు వారాలకి 48 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు, ఇలా ప్రతిచోటా పరిమితి ఉంది. అది దాటితే పోయేది జీతం కాదు, వీసా. వచ్చిన డబ్బు తిండికీ బస్సుకీ సరిపోతే అదే గొప్ప అనుకుని లెక్క వేయండి.

స్కాలర్‌షిప్‌ల గడువులు చాలాసార్లు అడ్మిషన్ల కన్నా ముందుంటాయని చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్‌కి దాదాపు ఏడాది ముందే అప్లై చేయాలి, దానికి ఉద్యోగ అనుభవం కావాలి, చదువయ్యాక సొంత దేశానికి తిరిగి వచ్చి రెండేళ్లు ఉండాలనే షరతూ ఉంది. యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే మాస్టర్స్ కోర్సులకి ఈయూ ఇచ్చే ఎరాస్మస్ ముండస్‌కి ఎంచుకున్న కోర్సు నడిపేవాళ్లకే నేరుగా పెట్టుకోవాలి. జర్మనీవి డాడ్ (DAAD, విద్యార్థుల మార్పిడి చూసే జర్మన్ సంస్థ) సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి.

పరీక్షలు, కాగితాలు

ఇంగ్లిష్ పరీక్షలు ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు, మాస్టర్స్, పీహెచ్‌డీలకి కొన్నిచోట్ల అడిగే జీఆర్‌ఈ ఐదేళ్లు చెల్లుతాయి. మొత్తం బ్యాండ్ (స్కోరు) ఒక్కటే చూసి సంతోషపడకండి, చాలా కోర్సులు ఒక్కో సెక్షన్‌కి కూడా కనీసం ఇంత అని అడుగుతాయి, ఎక్కువమందికి రైటింగ్ దగ్గరే ఆగుతుంది. రెండోసారి రాయడానికి టైమ్ మిగిలేలా మొదటిసారి రాయండి.

పేరు సంగతి ఇప్పుడే చూసుకోండి. పాస్‌పోర్ట్, సర్టిఫికెట్లు, పరీక్ష రిజిస్ట్రేషన్ మూడూ బల్ల మీద పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. ఇంటిపేరు ఒకచోట విడదీసి, ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట చివర్లో ఉంటే ప్రతి ఫారం దగ్గరా అదే టెన్షన్. పాస్‌పోర్ట్‌లో గివెన్ నేమ్ ఖాళీగా ఉండి పేరంతా సర్‌నేమ్ గడిలో ఉంటే అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, బ్యాంకు దాకా అదే మీ పేరవుతుంది. దిద్దించుకోవాలంటే అప్లై చేయకముందే.

ఎస్‌ఓపీలో "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం" అని మొదలుపెట్టకండి. "మూడో సంవత్సరం ప్రాజెక్టులో వరద నీటి మట్టం అంచనా వేసే మోడల్ కట్టాం, రాత్రి పూట సెన్సార్ డేటా ఆగిపోతే అంచనా తప్పేది, ఆ ఖాళీల్ని ఎలా పూరించాలో నేర్చుకోవడానికే ఫలానా మాడ్యూల్ కావాలి" అని రాస్తే మీరెవరో, అక్కడికే ఎందుకు వస్తున్నారో రెండూ తెలుస్తాయి. ఇది ఉదాహరణ మాత్రమే, మీ పని మీరు రాయండి. సిఫార్సు లేఖ కోసం లెక్చరర్లని కనీసం ఆరు వారాల ముందు అడగండి, అడిగేటప్పుడు మీ మార్కులు, ప్రాజెక్టు వివరాలు, గడువు తేదీ ఒకే మెయిల్‌లో పంపితే వాళ్లకీ సులువు.

కన్సల్టెన్సీ సాయం తీసుకుంటే తీసుకోండి, కానీ ప్రతి అప్లికేషన్ మీ సొంత ఈమెయిల్‌తోనే ఉండాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. విద్యార్థుల్ని పంపినందుకు కొన్ని యూనివర్సిటీలు ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయి, వాళ్లు చూపించే లిస్టులో లేనివి కూడా మీరే వెతకండి. దొంగ కాగితం ఒక్కటి పెడదామని ఎవరన్నా లేచి వచ్చేయండి, సంతకం మీది, నిషేధం పడేదీ మీకే.

ఆఫర్ వచ్చాక

లెటర్ మొత్తం చదవండి. కండిషనల్ ఆఫర్ అయితే ఏ షరతు ఏ తేదీలోపు తీర్చాలో రాసుకోండి. డిపాజిట్ కట్టే ముందు వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారో చూడండి. అమెరికాలో ఫండింగ్‌తో వచ్చిన గ్రాడ్యుయేట్ ఆఫర్ అయితే, ఈ గడువుపై ఉమ్మడి ఒప్పందం చేసుకున్న యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోనిస్తాయి, తొందరపడి ఊ అనక్కర్లేదు.

బ్రిటన్ వీసాకి ఫీజు, ఖర్చుల కోసం చూపించాల్సిన డబ్బు అకౌంట్‌లో వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా మళ్లీ మొదటి నుంచి లెక్క. ఎఫ్-1 మీద అమెరికాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో ఉన్న ప్రోగ్రామ్ తేదీకి 30 రోజుల కన్నా ముందు వెళ్లనివ్వరు, టికెట్ అది చూసి కొనండి. గది చూడకుండా తెలియనివాళ్లకి అద్దె అడ్వాన్స్ పంపకండి, మొదటి కొన్ని వారాలకి యూనివర్సిటీ హాస్టల్ దొరుకుతుందేమో అడగండి.

అడ్మిషన్ లెటర్, ఒరిజినల్ సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు హ్యాండ్ బ్యాగ్‌లోనే, చెక్-ఇన్ సూట్‌కేసులో వద్దు. దిగాక జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, అమెరికాలో ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి వచ్చినట్టు నమోదు చేయించుకోవాలి. ఆ రెండు అపాయింట్‌మెంట్లూ స్లాట్లు దొరికితే బయల్దేరకముందే బుక్ చేసేయండి.