కుక్క కరిస్తే ఏం చేయాలి? మొదటి పావుగంట నుంచి 28వ రోజు దాకా

కిందటి వేసవిలో ఒక సోమవారం పొద్దున ఆరున్నరకు మా అక్క కొడుకు ఫోను చేశాడు. బెంగళూరు మారతహళ్లిలో నెల్లూరువాళ్లు నడిపే పీజీలో ఉంటాడు. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. "మామయ్యా, పాల ప్యాకెట్ కోసం వెళ్తే వీధి కుక్క పిక్క పట్టుకుంది. ఏమంత లేదు, రెండు గాట్లు, చుక్క రక్తం. ఇక్కడ వంటాయన కారం అద్దుతానంటున్నాడు, అద్దించుకోనా?" అని అడిగాడు. "అద్దించుకున్నావంటే నేనొచ్చి నిన్ను కరుస్తాను. కొళాయి కింద కాలు పెట్టి సబ్బుతో కడుగుతూ ఉండు, బయలుదేరుతున్నాను" అన్నాను.

ఆ తర్వాతి నాలుగు వారాల్లో వాడికి చెప్పినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను డాక్టరును కాను, కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. అందువల్ల ఏం చేయాలో చెప్పి ఊరుకోవడం చేతకాదు, ఎందుకో కూడా చెబుతాను. ఎందుకో తెలియకపోతే రెండో ఇంజెక్షన్ తర్వాత ఎవరికైనా బద్ధకం వస్తుంది.

ముందు ఆ సంగతి

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, మన రోగనిరోధక వ్యవస్థ పని చేస్తున్నదనడానికి అంతకంటే తేలికైన గుర్తు లేదు. చర్మం తెగి ఏదైనా క్రిమి లోపలికి రాగానే అక్కడి కణాలు గోల మొదలుపెడతాయి. ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. కాపలా కణాలు కొన్ని ఆ క్రిమి ముక్కను పట్టుకుని దగ్గరలోని లింఫు గ్రంథికి మోసుకుపోతాయి. గజ్జల్లో మన చేతికి తగిలే బిళ్ల ఆ గ్రంథే. అక్కడ లక్షల కణాల్లోంచి ఆ ముక్కకు సరిగ్గా అతికే బి కణాలు, టి కణాలు (ఇవీ తెల్లరక్తకణాల్లో రకాలే) దొరకాలి, అవి పెరగాలి, బి కణాలు ఆ క్రిమిని పట్టుకునే యాంటీబాడీలు తయారు చేయాలి. కొత్త శత్రువైతే ఇదంతా జరగడానికి వారం పది రోజులు పడుతుంది.

కుక్క కాటుతో వచ్చే ప్రాణాంతకమైన జబ్బు రేబిస్. ఆ రేబిస్ వైరస్ విషయంలో అసలు గోలే పుట్టదు. కుక్క లాలాజలంతో పాటు కండరంలోకి దిగుతుంది, అక్కడ సద్దు చేయకుండా కొంత పెరిగి నరం కొసను పట్టుకుంటుంది. నరంలోకి దూరాక రక్తంలో తిరిగే కాపలా కణాలకు అది కనిపించదు. వెన్నుపాము మీదుగా మెదడుకు చేరాక గానీ జబ్బు బయటపడదు. బయటపడ్డాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కించదగినంత మంది. అంటే మన వ్యవస్థకు ఈ వైరస్‌ను అణిచే సత్తా లేక కాదు, దానికి సమయానికి కబురు అందక ప్రాణం పోతున్నది.

మనకు కలిసొచ్చేది ఒక్కటే. ఈ ప్రయాణం నిదానంగా సాగుతుంది. కాటు నుంచి లక్షణాల దాకా సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలో వచ్చినవీ, ఏడాది తీసుకున్నవీ ఉన్నాయి. ముఖం, మెడ, చేతివేళ్ల మీద కరిస్తే దారి దగ్గర, నరాలు ఎక్కువ, కాబట్టి వ్యవధి తగ్గుతుంది. ఆ వ్యవధిలోపల వైరస్‌ను తగ్గించడం, ఒంటికి కబురు పంపడం మన పని.

మొదటి పని: 15 నిమిషాలు కడగడం

గడియారం చూసుకుని 15 నిమిషాలు. చాలామంది ఒక్క నిమిషం కడిగి, అది పావుగంట అనుకుంటారు. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసింది. జిడ్డు గిన్నె మీద సబ్బు ఏం చేస్తుందో ఆ పొర మీదా అదే చేస్తుంది. పొర పోతే వైరస్ పనికిరాదు. అందుకని ఏ సబ్బైనా పరవాలేదు, బట్టల సబ్బైనా సరే. నీళ్లు గాయం లోపలిదాకా ధారగా పడాలి. మారతహళ్లిలో వేసవిలో కొళాయి పావుగంట ఆగకుండా పారడం అదృష్టమే, మావాడికి ఐదో నిమిషంలో ఆగిపోయింది. ట్యాంకరు నీళ్లు పట్టిన డ్రమ్ములోంచి వంటాయన మగ్గుతో పోస్తూ ఉంటే మిగతాది పూర్తి చేశాడు. కారం అద్దాలనుకున్న ఆయనే పోశాడు, పుణ్యాత్ముడు.

కడిగాక పోవిడోన్ అయోడిన్ (గాయాల మీద క్రిములను చంపే మందు) ఉంటే రాయండి. కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఇవేవీ వద్దు. మంట పుట్టించి గాయాన్ని రేపుతాయి, ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తాయి. గట్టిగా కట్టు కట్టకండి. కుట్లు కూడా వెంటనే వేయరు. తప్పనిసరైతే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు, దీని సంగతి కింద చెబుతాను) ఎక్కించాక, వదులుగా వేస్తారు. మా నాయనమ్మ అయితే ఏడు బావుల్లోకి తొంగి చూసి రమ్మనేది. బెంగళూరులో ఒక్క బావి చూపించినా గొప్పే.

గాయం ఏ తరగతిది?

మూడు తరగతులున్నాయి. కుక్కను తాకారు, తిండి పెట్టారు, చెక్కుచెదరని చర్మాన్ని అది నాకింది అంటే మొదటి తరగతి. కడుక్కుంటే చాలు. రక్తం రాకుండా గోరు గీరుకున్నా, పంటితో తేలిగ్గా కొరికినా రెండోది. టీకా వేయించుకోవాలి. చర్మంలోంచి పన్ను దిగి రక్తం వచ్చినా, అది చుక్కే అయినా, పుండు మీద గానీ నోరు, కన్ను వంటి చోట్ల గానీ లాలాజలం తగిలినా మూడోది. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. మావాడు "చుక్క రక్తమే" అన్నాడు చూడండి, ఆ చుక్కతోనే మూడో తరగతిలో పడ్డాడు.

పిల్లి, కోతి కరిచినా లెక్క ఇదే. పెంపుడు కుక్క కదా, టీకాలు వేయించాం కదా అని కూడా ఊరుకోవద్దు. ఇంట్లో ఎలుక కొరికితే మామూలుగా రేబిస్ టీకా అక్కర్లేదు.

ఆస్పత్రికి అదే రోజు

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితం. మాకు దగ్గరలో సి.వి. రామన్ నగర్ జనరల్ ఆస్పత్రి ఉంది. నగరం మధ్యలో ఉన్నవాళ్లకు విక్టోరియా, మల్లేశ్వరం వైపు కె.సి. జనరల్ ఉన్నాయి. కొత్తగా వచ్చి కన్నడం రానివాళ్లు ఆటో ఎక్కి "నాయి కచ్చిదె, ఆస్పత్రె" అంటే చాలు, మిగతాది డ్రైవరే చూసుకుంటాడు.

నేను ఒక పొరపాటు చేశాను. తొందరలో దారిలో కనిపించిన చిన్న క్లినిక్‌కు తీసుకెళ్లాను. గాయం చూసి "చిన్నదే" అని ధనుర్వాతం ఇంజెక్షన్ ఒక్కటి పొడిచి, డబ్బు తీసుకుని పంపించబోయారు. ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమే, కానీ అది వేరే జబ్బుకు. దానికీ రేబిస్‌కూ సంబంధం లేదు. కాబట్టి వెళ్లేచోట రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ ఉన్నాయో లేదో ముందే ఫోను చేసి అడగండి. రెండోది అన్నిచోట్లా ఉండదు.

రెండు మందులు, రెండు పనులు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. టీకాలో ఉండేది చనిపోయిన వైరస్. అది జబ్బు తేలేదు, కానీ పైన చెప్పిన కాపలా కణాలకు వైరస్ ముఖం చూపిస్తుంది. నరంలో దాక్కున్నవాడి ఫొటో లింఫు గ్రంథికి చేరుతుంది. ఒళ్లు సొంతంగా యాంటీబాడీలు చేసుకుంటుంది. అయితే ఆ వారం పది రోజులు ఆగాలి కదా. ఆలోగా గాయంలో ఉన్న వైరస్‌ను ఎవరు పట్టుకోవాలి?

దానికే ఇమ్యునోగ్లోబ్యులిన్. ఇది తయారుగా ఉన్న యాంటీబాడీల అప్పు. గుర్రాలకు టీకా వేసి వాటి రక్తం నుంచి తీస్తారు, లేదా టీకా వేసుకున్న మనుషుల రక్తం నుంచి. ఇప్పుడు ప్రయోగశాలలో తయారైన మోనోక్లోనల్ యాంటీబాడీలూ వచ్చాయి. గుర్రం నుంచి తీసినదైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి నుంచి తీసినదైతే 20. మావాడు 60 కిలోలు, కాబట్టి గుర్రం మందు 2400 యూనిట్లు లెక్క వేశారు. ఆ లెక్క మించకూడదు. మరీ ఎక్కువైతే టీకాకు ఒళ్లు స్పందించడం మందగిస్తుంది.

దీన్ని చేతికి పొడిచి పంపకూడదు. గాయంలోనే, గాట్ల లోపలా చుట్టూ, పట్టినంత మందు ఎక్కించాలి. వైరస్ ఉన్న చోటే కదా పని. నర్సు పిక్క మీద ఒక్కో గాటు అంచునా సూది దించి కొద్దికొద్దిగా మందు వదులుతుంటే చర్మం ఉబ్బి తెల్లగా బిగుసుకుపోయింది. మావాడు మంచం అంచు పట్టుకుని పళ్లు బిగబట్టాడు. నొప్పి నిజమే, దాచడం ఎందుకు. కానీ మొత్తం ప్రక్రియలో నొప్పి అనదగ్గది ఇదొక్కటే. మొదటి రోజు ఈ మందు దొరక్కపోతే టీకా మాత్రం ఆపకుండా మొదలుపెట్టి, ఏడు రోజుల్లోగా దీన్ని వేయించుకోవచ్చు. ఏడు రోజులు దాటితే వేయరు. అప్పటికి సొంత యాంటీబాడీలు వస్తుంటాయి, అప్పు అక్కర్లేదు.

టీకాను కండరంలో వేయవచ్చు, చర్మం పొరల్లోనూ వేయవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎక్కువగా చర్మంలోనే వేస్తారు. రెండు జబ్బలకూ చెరో చోట 0.1 మిల్లీలీటరు. పప్పుగింజంత బుడిపె లేస్తుంది, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. ఇంత కొంచెం మందు ఏం పని చేస్తుందని మా అక్క ఫోనులో గొడవపడింది. చర్మంలో కాపలా కణాలు కిక్కిరిసి ఉంటాయి, కాబట్టి కండరంలో వేసేదానికంటే చాలా తక్కువ మందుతో అంతే ఫలితం వస్తుంది. కండరంలో వేస్తే పెద్దవాళ్లకు జబ్బకు, రెండేళ్లలోపు పిల్లలకు తొడ ముందు పక్కన వేయాలి. పిరుదుకు వద్దు. అక్కడి కొవ్వులో మందు సరిగా అందదు.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనే భయం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అది అబద్ధం కాదు, పాత కథ. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు, ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన మందు ఎక్కించడంతో రేబిస్ టీకా మొదలైంది. ఆ తర్వాత హిమాచల్‌లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు గొర్రె మెదడుతో చేసిన టీకా మన దేశంలో దశాబ్దాల పాటు వాడారు. పొట్టకు పొడిచినది అదే. 2005 నాటికి దాన్ని ఆపేశారు. ఇప్పటివి ప్రయోగశాలలో పెంచిన కణాల్లో తయారయ్యేవి, మన హైదరాబాదులోనూ తయారవుతాయి.

తేదీల లెక్క

మొదటి డోసు రోజును సున్నాగా లెక్కించాలి, ఒకటిగా కాదు. చర్మంలో వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. కండరంలో వేస్తే 0, 3, 7, 14, 28. మొదటిది సోమవారం అయితే రెండోది గురువారం, మూడోది వచ్చే సోమవారం, ఆఖరుది నాలుగు వారాల తర్వాతి సోమవారం. మావాడు "3" చూసి బుధవారమే బయలుదేరబోయాడు. ఒక రోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగినచోటు నుంచి కొనసాగిస్తారు. ఒకసారి చర్మంలో, మరోసారి కండరంలో అని మార్చుకోకుండా చూసుకోండి.

పథ్యం ఏమీ లేదు. గుడ్డు, మాంసం, వంకాయ అన్నీ తినవచ్చు. గర్భిణులూ బాలింతలూ ఈ టీకా వేసుకోవచ్చు, వేసుకోవాలి. స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పాలి. వాళ్ల ఒంట్లో యాంటీబాడీలు తక్కువగా తయారవుతాయి కాబట్టి రెండో తరగతి గాయానికి కూడా ఇమ్యునోగ్లోబ్యులిన్ వేస్తారు. రక్తంలో మిల్లీలీటరుకు 0.5 యూనిట్ యాంటీబాడీలు ఉంటే చాలినట్టు లెక్క. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు ఆ పరీక్ష అవసరం రాదు.

కుక్క సంగతి కూడా చూడాలి. కొట్టి చంపకండి, తరిమేయకండి. పది రోజులు అది ఆరోగ్యంగా ఉందంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదన్నమాట. మిగిలిన డోసులు కావాలో వద్దో అప్పుడు డాక్టరు చెబుతారు. అయితే ఆ పది రోజులూ చూద్దాంలే అని టీకా ఆపకూడదు.

కార్డు పారేయకండి

డోసులన్నీ పూర్తయ్యాక అప్పు తెచ్చుకున్న యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోతాయి. టీకా వల్ల పుట్టిన జ్ఞాపక కణాలు మాత్రం ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటాయి. మళ్లీ కుక్క కరిస్తే వారం పది రోజులు ఆగనక్కర్లేదు, అవి చప్పున లేస్తాయి. అందుకే పూర్తి కోర్సు తీసుకున్నవాళ్లకు రెండోసారి రెండు డోసులే, 0, 3 రోజుల్లో. ఇమ్యునోగ్లోబ్యులిన్ అసలే వద్దు. ఈ సౌకర్యం దక్కాలంటే కార్డు చూపించాలి.

మావాడి కార్డు ఫొటో నా ఫోనులోనూ ఉంది, మా అక్క ఫోనులోనూ ఉంది. ఆ కుక్క కూడా బాగానే ఉంది. ఇప్పటికీ అదే పాల దుకాణం ముందు పడుకుంటున్నదట. మావాడు అవతలి వీధి నుంచి చుట్టు తిరిగి వెళ్తున్నాడు.