పాత కంచు, ఇత్తడిలో వడ్డించాలనుకుంటే ఏది కొనాలి, ఏది వదిలేయాలి

పాత సామాను బేరమాడే ముందు ఒక్కటి తేల్చుకోండి: దీంట్లో ఏం వడ్డిస్తారు? జవాబు వెంటనే రాలేదంటే ఆ గిన్నె ఎంత ముద్దొచ్చినా అక్కడే పెట్టేయండి, ఎందుకంటే ఇంటికొచ్చాక అది షోకేసులోకి పోతుంది, ఇక దానికి దుమ్ము తుడవడమే మిగులుతుంది. ఇక్కడ చెప్పేదంతా పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో టేబుల్ మీదికి తెచ్చి నిజంగా వాడుకునే గిన్నెలు, తాంబాలాలు, జాడీల సంగతే.

మన దిక్కు వంటల్లో పులుపు ఎక్కువ, కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. పచ్చిపులుసు, చారు, పెరుగు, ఏ తొక్కయినా సరే, కళాయి, అంటే లోపల తగరం పూత, లేని ఇత్తడిలో గానీ రాగిలో గానీ పోయొద్దు. పులుపు తగిలితే రాగి కరిగి తిండిలోకి దిగుతుంది, అంచున పచ్చగా చిలుము పడుతుంది, ఎక్కువైతే కడుపులో తిప్పి వాంతులు కూడా అవుతాయి. సద్దుల బతుకమ్మ రోజునే తీసుకోండి, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఇత్తడి తాంబాలంలో పెడితే ఆ పసుపు మెరుపు మీద చూడముచ్చటగా ఉంటాయి, చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది మాత్రం పింగాణీలోనో గాజులోనో ఉండాలి. సకినాలు, గారెలు, అప్పాలు, పండ్లు, వేడన్నం, వీటికి ఇత్తడి హాయిగా పనికొస్తుంది.

కంచు సంగతి వేరు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపింది. మంచి కంచు అంటే వందలో దాదాపు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. కంచు తలెలో (కంచంలో) పప్పన్నం తినడం తరతరాలుగా నడుస్తోంది. అయినా పులుసు అందులో గంటలకొద్దీ ఉంచకూడదు, తిన్న వెంటనే కడిగేయాలి. ఇంకోటి, కంచు పెళుసు. ఇత్తడి కింద పడితే సొట్ట పోతుంది, దాన్ని కొట్టి సరిచేయొచ్చు. కంచు మాత్రం పగులుతుంది, పగిలిన కంచును అతికించి మళ్లీ తినేదానికి వాడటం నాకైతే ఇష్టం లేదు.

ఎక్కడ వెతకాలంటే, ముందు మీ ఇంటి అటక మీద. స్టీలు వచ్చాక ఇత్తడి, కంచు బరువని, తోమలేమని చాలా ఇళ్లల్లో గోనెసంచుల్లో కట్టి పైన పడేశారు. పెద్దమ్మనో మేనత్తనో అడిగితే ఏది ఎవరి పెళ్లికి పెట్టిందో కథతో సహా దొరుకుతుంది. ఆ తర్వాత వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్ లాంటి ఊళ్లలో గిన్నెల దుకాణాలు. కొత్తవి కొన్నవాళ్లు మార్పిడికి ఇచ్చిన పాతవి కొన్నిచోట్ల లోపల ఓ మూల కుప్పగా పడి ఉంటాయి, కరిగించడానికి పోయే లోపు అడిగితే చూపిస్తారు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కూడా దొరుకుతాయి గానీ అక్కడ ప్రతి గిన్నే నిజాం కాలానిదే అంటారు, ఆ మాట నమ్మి ధర పెంచొద్దు. జనగామ దగ్గరి పెంబర్తి లోహపు పనికి పేరున్న ఊరు, ఆ పని ఆ ఊరిదేనని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. అక్కడ దొరికేది చాలావరకు కొత్త పని, పాతదని అనుకుని కొనకండి, కొత్తదని తెలిసి కొంటే మాత్రం చేతిపనికి తగ్గ విలువ ఉంటుంది.

కొనడానికి పోయేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం, సంచిలో లీటరు నీళ్ల బాటిల్ పెట్టుకోండి, ఫోన్‌లో టార్చి ఎలాగూ ఉంటుంది. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే, పైన ఇత్తడి పూత మాత్రమే. గిన్నెను మెరిసే వైపు కాదు, బోర్లించి చూడండి. ఏళ్ల తరబడి చింతపండు, బూడిదతో తోమినదైతే అడుగు, అంచు నునుపెక్కి కాస్త పలచబడి ఉంటాయి, గీతలు అన్ని దిక్కులకీ పోయి ఉంటాయి. రసాయనం పూసి నల్లబరిచిన కొత్త సరుకులో నలుపు ఎక్కడ చూసినా ఒకేలా, చేతులు రోజూ తగిలే చోట కూడా అంతే దట్టంగా ఉంటుంది. తర్వాత బాటిల్ నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగండి. ఎక్కడైనా ఊరుతోందా, బల్ల మీద ఊగుతోందా, లీటరుకు ఎంతవరకు నిండింది, నిండాక ఒంటి చేత్తో ఎత్తగలరా, నాలుగూ అప్పుడే తెలిసిపోతాయి. ఆరుగురికి కూర అంటే లీటరున్నర గిన్నె సరిపోతుంది, అంతకంటే పెద్దది పాతదైతే బాగా బరువుంటుంది, పక్కవాళ్లకి అందించలేరు.

లోపలి వైపు టార్చి వేసి చూడండి. బూడిద రంగు మచ్చలా అతుకు కనిపిస్తే అది సీసం కలిసిన టాంకా, అంటే కరిగించి అతికే లోహం, కావొచ్చు. అలాంటిది తినేవాటికి వద్దు, పూలకో అలంకరణకో ఉంచుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆనవాలు పేర్లు. మన ఇళ్లల్లో గిన్నె మీద పేరు కొట్టించడం అలవాటు కదా, పాతవాటిలో అక్షరాలు వరుసగా కొట్టిన చుక్కలతో ఉంటాయి, వేలితో రాస్తే ఒక్కో చుక్క గుంట తగులుతుంది, చుక్కల మధ్య ఎడం కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటుంది, తోమి తోమి కొన్ని అరిగిపోయి సగం అక్షరమే మిగులుతుంది. మిషన్ మీద రాయించిన పేరు సన్నగీతలా సాగిపోతుంది, లోతంతా ఒకటే. తెలుగు పక్కన ఉర్దూ అక్షరాలు కనబడినా ఆశ్చర్యపోకండి, 1948 దాకా ఈ తెలంగాణ ప్రాంతం నిజాం రాజ్యంలోనే ఉంది, సర్కారు భాష ఉర్దూ. పేరున్న గిన్నెను పాలిష్ పట్టించి పేరు చెరిపేయడం నాకు నచ్చదు, ఆ చుక్కల వల్లే దానికి విలువ.

పులుపు కూడా ఇత్తడిలోనే వడ్డించాలని ఉంటే లోపల కళాయి పెట్టించండి. గిన్నెను వేడి చేసి, నవాసాగరం (తగరం అంటుకునేలా చేసే ఉప్పు లాంటి పొడి) చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా రుద్దుతారు. శుద్ధమైన తగరమే వాడమని, సీసం కలపొద్దని ముందే గట్టిగా చెప్పండి. తగరం దాదాపు 232 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, స్టీలు పీచుతో గీకకూడదు. లోపల పసుపు రంగు తొంగిచూసిందంటే మళ్లీ పూయించే రోజు వచ్చినట్టే.

పింగాణీ వాటికి అడుగున ముద్ర చూడాలి. ఉత్త ‘ఇంగ్లండ్’ అని దేశం పేరుంటే సాధారణంగా 1891 తర్వాతిది, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అయితే ఎక్కువగా 20వ శతాబ్దపుది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే యుద్ధం అయ్యాక 1952 లోపుది. తొక్కుల జాడీని వేలి గోటితో కొట్టండి, ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో వెంట్రుక మందం పగులుంది. లోపలి గాజుపూత చీలికలు వారినా, పైన వేసిన రంగుల బొమ్మ గీకితే ఊడొస్తున్నా అందులో పులుపు పెట్టొద్దు, పాత రంగుల్లో, పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

వెండి గురించి రెండు ముక్కలే. కరీంనగర్ ఫిలిగ్రీ సన్న వెండి తీగల అల్లిక, అందులో తడి పదార్థం ఆగదు, సొంపు, యాలకులు, వక్క లాంటి పొడివాటికి బాగుంటుంది. ఉప్పు వెండిని తింటుంది, కోడిగుడ్డు నల్లబరుస్తుంది. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు.

ధర అడిగేటప్పుడు, “అన్నా, ఇది కిలో లెక్కనా, పీసు లెక్కనా?” అని ముందే అడగండి. ఆ రోజు పాత ఇత్తడి, కంచు కిలో ఎంతుందో తెలుసుకుని పోతే ఆపైన అడిగేది పనితనానికా, ఉత్త మాటలకా అన్నది మీకే అర్థమవుతుంది. మొత్తం సెట్టు కోసం వెతకొద్దు. ఒక తాంబాలం, ఒక కూర గిన్నె, నెయ్యికి చిన్న కంచు గిన్నె, మిగతాది ఇంట్లో ఉన్న స్టీలే పెట్టుకుంటే టేబుల్ నిండుగా ఉంటుంది, తోమడానికి కూడా తేలిక.

అమెరికాలో ఉన్న పిల్లలకి పంపాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మీ గిన్నె అంత పాతది కాకపోయినా చూడ్డానికి అలా ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపొచ్చు, కాబట్టి అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ ఇచ్చే పత్రం తీసుకోవాలి. ఆ పనికి టైం పడుతుంది, సూట్‌కేసు సర్దేటప్పుడు కాదు, టికెట్లు బుక్ చేసే రోజే మొదలుపెట్టండి.