బురదలో ట్రాక్టరు ఒక చక్రమే తిరుగుతుంటే: నా అనుభవం

పర్లాకిమిడి పక్కనున్న మా పల్లపు మడిలోంచి వరి మోపులతో గట్టెక్కే ప్రతిసారీ ట్రాక్టరు కుడి వెనుక చక్రం ఒక్కటే గిర్రున తిరిగేది. ఎడమ చక్రం గట్టినేల మీద ఉండి కూడా కదిలేది కాదు. కొమ్మలు పరచినా, క్లచ్ ప్లేటు మార్పించినా, ఇంజను వేగం పెంచినా ఫలితం లేకపోయింది.

వెనుక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక, మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది గానీ, టార్కును, అంటే తిప్పే బలాన్ని, రెండింటికీ దాదాపు సమంగానే పంచుతుంది. అందువల్ల జారే చక్రం ఎంత తక్కువ బలంతో తిరిగిపోతే, పట్టు దొరికిన చక్రానికీ అంతే అందుతుంది.

రెండు వెనుక చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పించే డిఫరెన్షియల్ లాకు ఒకటుంది; సీటు కింద కుడివైపున్న దాని పెడల్ తుప్పు పట్టి బిగుసుకుపోయినట్టు చివరికి గమనించాను. ఇన్నాళ్ళూ దాన్ని కాలు పెట్టుకునే మెట్టనుకున్నానని సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ముందుగా డీజిలుతో కడిగి, కడ్డీ కీళ్ళకు గ్రీజు పెట్టి, తొక్కితే దిగి, వదిలితే తనంతట తానే పైకి వచ్చేదాకా ఆడించాను. తరువాత వెనుక టైర్లు రెండింటిలోనూ గాలి ఒకేలా ఉండేట్టు చూశాను. మడిలోకి దిగాక, క్లచ్ నొక్కి, తిరుగుతున్న చక్రం పూర్తిగా ఆగిన తరువాతే లాకు పెడల్ తొక్కి, మొదటి గేరులో క్లచ్‌ను మెల్లగా వదిలాను. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి తిన్నగా గట్టెక్కింది. చక్రం తిరుగుతుండగా తొక్కితే లోపలి పళ్ళు విరగవచ్చు; లాకు పడి ఉండగా బండిని మలుపు తిప్పకూడదు.

రెండు చక్రాలూ బురదలోనే కూరుకున్నా, టైర్లు బొత్తిగా అరిగిపోయినా ఇది పనిచేస్తుందని నేను చెప్పలేను. లాకు లేని కార్లకు ఈ పద్ధతి వర్తించదు.