క్లాప్ దగ్గర కలిసిన మాట షాట్ చివర ఎందుకు తప్పుతుంది?

ఫిల్ము మీద తీసి వీడియో టేపు మీద పూర్తిచేసే రోజుల్లో, చెన్నై సాలిగ్రామంలోని ఎడిటింగ్ గదుల్లో నా దగ్గరకు ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు ఒకటే: షాట్ మొదట కొట్టే క్లాప్ దగ్గర బొమ్మ, శబ్దం చక్కగా కలుస్తాయి, షాట్ సాగేకొద్దీ పెదవులు ముందు కదులుతాయి, మాట వెనకబడుతుంది.

తేడా మొదటి నుంచి చివరి వరకు ఒకే విధంగా ఉంటే, క్లాప్‌ను తప్పు ఫ్రేములో గుర్తించినట్లే. శబ్దం ట్రాకును జరిపితే సరిపోతుంది. తేడా పెరుగుతూ పోతుంటే మాత్రం ట్రాకును జరపకూడదు. షాట్ చివర ఒక్కసారి చూస్తే తేలిపోయే ఈ విషయాన్ని చాలామంది చూడరు. క్లాప్ దగ్గర కలిసింది కదా అని ముందుకు వెళ్లిపోతారు.

పెరిగే తేడాకు దాదాపు ఎప్పుడూ వేగమే కారణం. కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. మన టీవీ పద్ధతి అయిన పాల్ టేపు 25తో నడుస్తుంది. ఫిల్మును వీడియోగా మార్చే టెలిసినీలో ఒక ఫిల్ము ఫ్రేముకు ఒక వీడియో ఫ్రేము చొప్పున ఎక్కిస్తే, 4 నిమిషాల 26 సెకన్లు నడవవలసిన 400 అడుగుల 35 ఎంఎం రీలు 4 నిమిషాల 16 సెకన్లలోనే అయిపోతుంది. నాగ్రా, డాట్ వంటి టేపు రికార్డర్ల మీద విడిగా రికార్డయిన శబ్దం అసలు వేగంతోనే ఉంటుంది కనుక, నిమిషం నిడివిలో మాట 2.4 సెకన్లు వెనకబడుతుంది. కొలిస్తే ఈ అంకె వచ్చినప్పుడు వేరే కారణం వెతకనక్కరలేదు. శబ్దాన్ని 104.17 శాతం వేగంతో నడిపి, ఆ వేగంతో పాటు పెరిగిన శ్రుతిని తిరిగి సరిచేయాలి.

అసలు మోసం చేసేది, ఒకే ప్రాజెక్టులో రెండు వేగాల రీళ్లు కలిసి ఉండడం. ఒక టెలిఫిల్ముకు నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నది దీనివల్లనే. సంభాషణలను 24లో తీసి, పాటను టీవీ కోసమని 25లో తీశారు. టెలిసినీలో అన్నీ 25తోనే ఎక్కాయి. మొత్తానికి 104.17 పెట్టగానే సంభాషణలు కలిశాయి, పాట చెడింది. పల్లవికీ చరణానికీ మధ్య సంగీతాన్ని కోసి సాగదీస్తూ పోతే పెదవులు కలిసిన చోట తాళం తప్పింది, తాళం నిలిచిన చోట పెదవులు తప్పాయి. చివరకు కెమెరా రిపోర్టుల కట్ట తెప్పించి చూస్తే, పాట రీళ్ల ఎదురుగా వేగం గడిలో పెన్సిలుతో 25 అని స్పష్టంగా రాసి ఉంది. పాటను 100 శాతానికి మార్చిన తరువాత ఒక్క కోత కూడా అవసరం పడలేదు. కనుక శబ్దం పని మొదలుపెట్టే ముందు ప్రతి రీలు రిపోర్టూ చదవండి. రిపోర్టు దొరకకపోతే ప్రతి రీలులో అన్నిటికంటే పొడవైన షాట్ చివర తేడాను కొలవండి.

టెలిసినీలో సెకనుకు రెండు అదనపు ఫీల్డులు (గీత విడిచి గీతగా ఉండే అర ఫ్రేములు) చేర్చి 24ను 25 చేసి ఉంటే, బొమ్మ అసలు వేగంతోనే ఉంటుంది కనుక శబ్దం వేగం మార్చకూడదు. అడ్డంగా కదిలే చేతిని ఫ్రేము ఫ్రేముగా నడిపి చూడండి: సెకనులో సగం ఫ్రేములు శుభ్రంగా ఉండి, మిగతా సగంలో చేతి అంచు దువ్వెన పళ్లలా చీలితే అదే పద్ధతి. ఒకే ఫీల్డును చూపే ప్రివ్యూలో ఈ చీలిక కనిపించదు.

రికార్డరు వేగాన్ని నిలకడగా ఉంచే క్రిస్టల్ తప్పడం చాలా అరుదు. క్రిస్టల్ మోటారు లేని కెమెరాతో తీసిన షాట్లలో తేడా ఒక తీరున ఉండదు. వాటిని డబ్బింగుకు పంపడమే మార్గం.